నాలుగు కెమెరాలు, ఒకే ఫంగస్

ఏప్రిల్ 26, శనివారం

ఈ నోట్‌బుక్కు రాజీవ్‌కి ఆఫీసులో ఊరికే ఇచ్చారట. అట్ట మీద వాళ్ల కంపెనీ చేసే కారు బ్రేకు బొమ్మ ఉంది. "రాసుకో అమ్మా, నీకు టైంపాస్" అన్నాడు. నేను టైంపాస్‌కి రాలేదు, కోడలి పురుటికి అమెరికా వచ్చాను. జూన్ రెండో వారం అన్నారు. అయినా రాస్తాను. కొన్ని మాటలు పైకి అంటే ఇంట్లో గొడవ, ఇక్కడైతే పడుంటాయి.

ఈ రోజు మొదటి కెమెరా చూశాం. పనికిరాదు.

కెమెరా గొడవ అంకిత మొదలుపెట్టింది. "అత్తమ్మా, ఫోన్ల ఫోటోలు ఫోన్లనే పోతయి. మా అమ్మకు మంచి ఫోటోలు తీసి, పెద్దగ ప్రింట్ వేసి పంపాలె" అంది. వాళ్లమ్మ శేషమ్మ వరంగల్‌లో ఉంటుంది. రెండుసార్లు వీసాకి వెళ్లింది, రెండుసార్లూ లేదన్నారు. ఆ పిల్ల అలా అడిగితే ఎవరు కాదంటారు? కానీ బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసం ఏమీ కొనకూడదు. కారులో బిడ్డ సీటంటే పోనీ అరువు తెచ్చారు, కొన్నది కాదు కాబట్టి ఊరుకున్నాను. చివరికి నేనే దారి చెప్పాను. కెమెరా బిడ్డకి కాదు, నాకు. నాకు సరదా పుట్టింది, కొనిపెడుతున్నారు. అంతే.

రాజీవ్ సెకండ్‌హ్యాండ్ చాలన్నాడు. సెకండ్‌హ్యాండ్ అంటే పరీక్ష చేయాలి. పరీక్ష అంటే ఇంట్లో ఇంకెవరున్నారు? ఏలూరు పెద్దాసుపత్రి ల్యాబ్‌లో ముప్పై రెండేళ్లు మైక్రోస్కోప్ చూసినదాన్ని. నా రిపోర్టు ఒక్కటి కూడా తిరగబడలేదు. రెండు రోజులు వీడియోలు చూసి నేర్చుకున్నాను. బ్యాటరీ మూత గట్టిగా పడుతోందా, ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసింది, తెల్ల గోడని తీస్తే మచ్చలొస్తున్నాయా. అన్నిటికన్నా ముఖ్యం లెన్స్ ఊడదీసి వెనకనుంచి టార్చి కొట్టి చూడటం. లోపల ఫంగస్ ఉంటే పొగలా కనిపిస్తుంది.

ఆన్ ఆర్బర్‌లో కాఫీ షాపు బయట ఒక కాలేజీ కుర్రాడు తెచ్చాడు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. మా పాత మైక్రోస్కోప్‌కి ఒకటే గొట్టం ఉండేది, ఆ అలవాటు పోలేదు. లోపలంతా పొగ. "ఇట్స్ క్లీన్, మేడమ్" అంటాడు. రాజీవ్ కూడా చూసి ఏమీ లేదన్నాడు. వాడికి బ్రేకులు తప్ప ఇంకేం కనిపిస్తాయి.

సాయంత్రం శేషమ్మ వీడియో కాల్. "ముక్కు మాత్రం మాదే వస్తది వదినా, చూస్తుండండి" అంది. వాళ్ల ముక్కు చివర కాస్త లావు. మాది సన్నం. పైకి నవ్వి ఊరుకున్నాను. మా చిన్నవెంకన్న స్వామికి మొక్కుకున్నాను.

ఏప్రిల్ 29

అంకిత పప్పులో పసుపు వేయడం మానేసింది. నెలలు నిండుతున్న పిల్లని ఏమంటాం. నేనే వంటింట్లోకి వెళ్లి చెంచాడు కలిపి వచ్చాను. చూడలేదు.

మే 3, శనివారం

రెండో కెమెరా. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక తెల్లావిడ. ఇల్లు అద్దంలా ఉంది, కుక్క కూడా స్నానం చేసినట్టుంది. కెమెరా మీద గీత కూడా లేదు. తీసిన ఫోటోలు ఆ చిన్న తెర మీద చూస్తే బాగానే వచ్చాయి. సంతోషించాను.

టార్చి కొట్టాను. పొగ.

"అమ్మా, ఫోటోల్లో ఏమీ లేదు కదా" అన్నాడు రాజీవ్. ఫంగస్ కొత్తగా పట్టినప్పుడు ఫోటోలో తెలియదు, లెన్స్‌లోనే తెలుస్తుంది. అది వీడియోలో స్పష్టంగా చెప్పారు. రిపోర్టు అంటే ఇంటి నేల చూసి ఇచ్చేది కాదని వాడికి చెప్పాను. ఆ ఆవిడ పాపం బిస్కెట్లు పెట్టింది. థాంక్యూ చెప్పి వచ్చేశాం.

ఈ ఊళ్లో ఆరు నెలలు మంచు. తేమకి అన్నీ బూజు పడుతున్నాయి. అదీ కారణం.

మే 6

ఇక్కడి ఎండ మన ఎండకంటే పాడు. ఎదురొచ్చే కార్ల అద్దాలు కంట్లో గుచ్చుతున్నాయి. రాజీవ్‌కి ఏమీ అనిపించడం లేదట. అలవాటైపోయి ఉంటుంది.

పప్పులో మళ్లీ పసుపు లేదు. ఈసారి రెండు చెంచాలు వేశాను.

మే 10, శనివారం

మూడో కెమెరా మనవాళ్లదే. శ్యామ్‌సుందర్ గారని, కార్ల కంపెనీలో పని చేసి రిటైరయ్యారు. పాతికేళ్లుగా నోవైలో ఏ తెలుగింట్లో బారసాలైనా ఓణీల ఫంక్షనైనా ఫోటోలు ఆయనవేనట. సరదాకే తీస్తారు. భార్య టెక్సాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లింది. ఒక్కరే ఉన్నా స్టీలు గ్లాసుల్లో కాఫీ, పళ్లెంలో జంతికలు. జంతికలు ఆయన చేసినవే.

"ఎందుకు అమ్ముతున్నారండీ?" అని అడిగాను. కొనేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న అది.

ఆయన చెయ్యి చాపి చూపించారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఏడాదిగా ఇదే వరస లీలావతి గారూ. నేను తీస్తే పెళ్లికూతురికి రెండు ముక్కులు వస్తున్నాయి. ఒకటే చాలంటారు కదా వాళ్లు" అని ఆయనే నవ్వారు.

కెమెరాని గాలి చొరని డబ్బాలో పెట్టుకున్నారు. మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలన్నీ పోగేసి చుట్టూ పేర్చారు. "ఏటా దసరాకి పూజలో పెడతానండి. దీని మొహం చూడకుండా నాకు పండగ లేదు" అన్నారు. అంత పద్ధతైన మనిషిని ఈ దేశంలో చూడలేదు. మనసులో కొనేశాను కూడా.

అప్పుడు టార్చి కొట్టాను.

ఆ పొగే. మొదటి రెండింటి కంటే ఎక్కువగా ఉంది. మూడుసార్లు చూశాను. తిన్న జంతికలకి మొహమాటపడితే ముప్పై రెండేళ్ల సర్వీసు ఎందుకు? చెప్పేశాను.

"ఫంగసా? నా కెమెరాలోనా?" అన్నారు. కళ్లజోడు సర్దుకుని ఆయనా చూశారు. ఆయనకేమీ కనిపించలేదు. అయినా వాదించలేదు. "మైక్రోస్కోప్ చూసిన కన్ను మీది. మీరు ఉందంటే ఉండే ఉంటుంది" అని డబ్బా మూత పెట్టేశారు. మూత బిగించడానికి మూడుసార్లు పట్టింది.

కారులో అంకిత అంది, "అత్తమ్మా, అంకుల్ మొహం జూసిన్రా? మంచిగనే ఉంది గద కెమెరా. అట్ల మొహం మీద అనాల్నా?"

రిపోర్టు రిపోర్టే. మొహం చూసి మార్చలేం.

మే 11, ఆదివారం

ఇక్కడి తెలుగువాళ్లకి వాట్సాప్ గ్రూపు ఉంది. రాజీవ్ నన్నూ చేర్చాడు. పొద్దున ఎవరో నళిని అట, "శ్యామ్ అంకుల్ కెమెరా తీసుకుందామనుకుంటున్నాం, ఎవరైనా చూశారా?" అని అడిగింది. తెలిసి చెప్పకపోతే పాపం. ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. నేను ఫలానా, ఇన్నేళ్లు ల్యాబ్‌లో చేశాను, స్వయంగా చూశాను, ఫంగస్ ఉంది, పక్కన పెట్టిన లెన్సులకి కూడా అంటుకుంటుంది, జాగ్రత్త.

మధ్యాహ్నానికి ముప్పై నలుగురు బొటనవేళ్లు చూపించారు. ఒకావిడ "థాంక్యూ ఆంటీ, లైఫ్‌సేవర్" అని పెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటనీ. నిజమే కదా.

మే 13

శ్యామ్‌సుందర్ గారు గ్రూపులోంచి వెళ్లిపోయారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

జంతికలు మాత్రం బాగున్నాయి.

మే 17, శనివారం

అంకితకి విసుగొచ్చింది. "సెకండ్‌హ్యాండ్ వద్దు, ఏం వద్దు. కొత్తది కొందాం పోండి" అని షాపుకి తీసుకెళ్లింది. షాపు పిల్ల మా కళ్లముందే సీలు తీసి లెన్స్ నా చేతికిచ్చింది. గాజు మీద ఇంకా ఎవరి ఊపిరీ తగల్లేదు.

టార్చి కొట్టాను.

కొత్త దాంట్లో కూడా ఫంగస్! ఫ్యాక్టరీలోనే పట్టేస్తోంది. ఈ లోకం ఏమైపోతోందో. షాపు పిల్ల రాజీవ్ వైపు చూసింది. రాజీవ్ అంకిత వైపు చూశాడు. ఇద్దరూ నా వైపు చూడలేదు.

మే 18

కొత్త దానికి ఫంగస్ ఎలా పడుతుంది?

మే 19, సోమవారం

వాళ్లిద్దరూ పనుల్లో ఉన్నారు. బాత్రూంలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి గోడ తెల్లగా ఉంటుంది.

ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి రోజు నేనే నేర్పేదాన్ని. ఏ స్లైడ్ పెట్టినా ఒకే మచ్చ కనిపిస్తోందంటే రోగం రోగిది కాదు. కన్ను పెట్టే ఐపీస్ తిప్పు. మచ్చ కూడా తిరిగితే అది ఐపీస్‌ది. స్లైడ్ జరుపు. మచ్చ జరిగితే స్లైడ్‌ది. రెండూ కాకపోతే కింది లెన్స్‌ది, తుడువు. ఎంతమందికి చెప్పానో. నాలుగోది ఒకటుంటుందని ఎవరికీ చెప్పలేదు. నాకూ తట్టలేదు.

నాలుగు కెమెరాలు. నాలుగు చోట్లు. ఒకే పొగ.

కుడి కన్ను మూసుకుని గోడ చూశాను. తెల్లగా ఉంది. ఎడమ కన్ను మూసుకుని చూశాను. గంజి పోసినట్టుంది, కాస్త పసుపు కూడా కొడుతోంది. మళ్లీ చూశాను. మూడోసారి చూశాను. శాంపిల్ మార్చితే ఫలితం మారుతుందేమోనని తలుపు చూశాను, తువ్వాలు చూశాను. మారలేదు.

భయమేసింది. ఇంకెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా భయమేసింది. ఈ కన్ను నాకు అన్నం పెట్టింది. మా ఆయన పోయాక రాజీవ్‌ని చదివించింది. ఇంకో మూడు వారాల్లో పిల్లో పిల్లాడో వస్తే ఆ మొహాన్ని నేను పొగలోంచి చూడాలా? చెబితే వీళ్లు పురుడు పక్కనపెట్టి నా కంటి చుట్టూ తిరుగుతారు. చెప్పను. ఎడమ కన్ను ఉంది కదా. దాంతో నడుస్తుంది.

మే 21

నడుస్తోంది. టీవీ, కూరగాయలు, మెట్లు, అన్నీ.

ఒక్కటే నడవడం లేదు. గ్రూపులో ఆ బొటనవేళ్లు ముప్పై తొమ్మిదయ్యాయి.

మే 22

ఒక్క రిపోర్టు కూడా తిరగబడలేదని మొదటి పేజీలో రాశాను. అబద్ధం. ఒకటి తిరగబడింది. పాతికేళ్ల క్రితం రెండు సీసాల చీటీలు తారుమారయ్యాయి. మంచి మనిషికి మలేరియా రాసిచ్చాను. సాయంత్రం తెలిసింది. అప్పటి మా పెద్ద డాక్టరు గారు ఒకటే మాటన్నారు. "తప్పు రిపోర్టుని అటెండరు చేత పంపకమ్మా. వార్డుకి నువ్వే నడిచివెళ్లి, ఆ మంచం దగ్గర నిలబడి చెప్పు." నా కాళ్లతో నడిచివెళ్లి, నిలబడి చెప్పాను.

ఆ కాళ్లే ఇవి.

మే 24, శనివారం

రాజీవ్ కార్ వాష్‌కి వెళ్లాడు. అంకితని అడిగాను, శ్యామ్‌సుందర్ గారింటికి ఒకసారి తీసుకెళ్తావా అని. "ఇంకేం అంటరు అత్తమ్మా ఆయన్ని? ఆల్రెడీ గ్రూప్ నుంచి వెళ్లిపోయిన్రు" అంది. స్టీరింగుకీ పొట్టకీ మధ్య బెత్తెడు చోటు కూడా లేదు, అయినా నడిపింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెప్పేశాను. ఫంగస్ కెమెరాలో లేదు, నా కుడి కంట్లో ఉంది.

పచ్చ లైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. అంకిత కదల్లేదు.

"ఎప్పటిసంది?"

"తెలియదు. పప్పులో పసుపు కనిపించనప్పటినుంచీ అయ్యుంటుంది."

"పసుపా?" అని నా వైపు తిరిగింది. "అత్తమ్మా! మీరేనా ఏస్తున్నది? నెల రోజుల నుంచి పప్పు చేదుగొస్తుంది! నాకు ప్రెగ్నెన్సీల నోరు పాడైందనుకున్న. రాజీవ్ ఏమో నన్ను ఏమనలేక నోరు మూసుకుని తింటున్నడు!"

పక్కకి తీసి కారు ఆపింది. నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వింది. ఇక్కడే నొప్పులొస్తాయేమోనని నాకు హడలు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నాకెందుకు చెప్పలే? మా అమ్మైతే గిట్లనే దాస్తే ఊకుంటనా?" అంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

శ్యామ్‌సుందర్ గారు తలుపు తీసి "రండి, రండి" అన్నారు. నేను కూర్చోలేదు. గుమ్మం దాటి నిలబడే చెప్పాను. "మీ కెమెరాకి తప్పు రిపోర్టు ఇచ్చానండీ. లోపం నా కంటిది. ఆడలేక మద్దెల ఓడు అన్నాను. క్షమించండి."

ఆయన లోపలికి వెళ్లి డబ్బా తెచ్చారు. "అయితే ఇంకోసారి చూడండి. ఈసారి ఎడమ కంటితో" అన్నారు.

చూశాను. లెన్స్ గాజు చెలమ నీళ్లంత తేటగా ఉంది. దుమ్ము కణం కూడా లేదు. పదిహేను రోజులు ఈయన దీన్ని డబ్బాలో పెట్టుకుని ఎలా ఉన్నారో అని సిగ్గుతో చచ్చిపోయాను. కెమెరాని తిప్పి పైభాగం చూసేసరికి ఫ్లాష్ తగిలించే గాడిలో ఎర్రగా ఏదో గట్టిగా పేరుకుని ఉంది.

"ఇదేమిటండీ?"

ఆయన వంగి చూసి నాలుక కరుచుకున్నారు. కుంకుమ! పన్నెండు దసరాల కుంకుమ. బొట్టు పెట్టినప్పుడల్లా కాస్త కాస్త గాడిలో రాలి ముద్దకట్టింది. "అందుకా మూడేళ్లుగా ఫ్లాష్ వెలగడం లేదు! బల్బు పోయిందనుకుని రెండు ఫ్లాష్‌లు మార్చానండీ!" అన్నారు.

మొన్న కుడి కంటితో చూసినప్పుడు లేని ఫంగస్ చూశాను, ఉన్న కుంకుమ చూడలేదు. ల్యాబ్‌లో అయితే రెండు తప్పులకీ కలిపి మెమో ఇచ్చేవాళ్లు.

పుల్లకి దూది చుట్టి గాడి శుభ్రం చేశాను. ఆయన ఫ్లాష్ తగిలించి నొక్కారు. వెలిగింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం.

అక్కడే నిలబడి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "నమస్కారం, నేను లీలావతిని. శ్యామ్‌సుందర్ గారి కెమెరాలో ఫంగస్ ఉందన్నాను. అది తప్పు. కెమెరా మంచిది. మసక నా కుడి కంట్లో ఉంది. నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను." మధ్యలో ఒకసారి తడబడ్డాను. తీసేసి మళ్లీ రికార్డు చేయలేదు.

"శుక్లం అయ్యుంటుందండీ, భయపడకండి" అన్నారు ఆయన కాఫీ కలుపుతూ. "నాకు రెండేళ్ల కిందట రెండు కళ్లకీ చేశారు. కట్టు విప్పాక మా ఆవిడ పసుపు చీర చూసి, ఇంత పచ్చగా ఉందేమిటని గొడవపడ్డాను. చీర పాతదే."

కెమెరా మేమే తీసుకుంటామన్నాను. ఆయన అంకిత పొట్ట వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు వద్దు. పురుడు అయ్యేదాకా నా డబ్బాలోనే ఉంటుంది. బిడ్డ పుట్టాక నేనే తెస్తాను." నాకోసమే కొంటున్నానని, నాకు సరదా పుట్టిందని చెప్పాను. ఆయన నవ్వుతూ జంతికల పళ్లెం ముందుకు జరిపారు.

మే 29

కంటి డాక్టరు శుక్లమే అన్నాడు. ఎడమ కంట్లో కూడా మొదలైందట, ఇంకా చిన్నదే. తొందర లేదు, చేయిస్తే చూపు వస్తుందన్నాడు. ఇంటికొచ్చి రాజీవ్ పసుపు డబ్బా తీసి పై అరలో, నా చేతికి అందనంత ఎత్తులో పెట్టాడు. అప్పుడు నవ్వాడు.

శ్యామ్‌సుందర్ గారు గ్రూపులోకి తిరిగొచ్చారు. నళిని కెమెరా ఇంకా ఉందా అని అడిగితే, "లీలావతి గారి కోసం రిజర్వ్ అయ్యింది, ఆవిడకి సరదా పుట్టింది" అని పెట్టారు.

జూన్ 11, బుధవారం

నిన్న మధ్యాహ్నం పుట్టింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

ఈ రోజు పదింటికి శ్యామ్‌సుందర్ గారు ఆసుపత్రి కింద లాబీలోకి కెమెరా తెచ్చారు. బొట్టు పెట్టారు, గాడికి బెత్తెడు దూరంలో. "ఎడమ కన్ను పెట్టండి, ఊపిరి బిగబట్టండి, నొక్కండి. అంతే" అని నేర్పారు. ఆయన వేళ్లు వణుకుతూనే ఉన్నాయి, నా మెడలో పట్టీ మాత్రం సరిగ్గా వేశారు.

పైన గదిలో తీస్తే మొదటి ఫోటోలో దుప్పటి వచ్చింది. రెండో దాంట్లో రాజీవ్ మోచెయ్యి వచ్చింది. మూడోది కుదిరింది. అంకిత చూసి "మంచిగొచ్చింది అత్తమ్మా, మా అమ్మకు పంపుతా" అంది.

"ఆగు. ముందు పరీక్ష చేయాలి" అన్నాను.

పిల్లని ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. ఎడమ కన్ను మూసి కుడి కంటితో, ఆ పొగలోంచే చూశాను. ఒకసారి చూస్తే చాలదని మూడుసార్లు చూశాను. అనుమానమే లేదు. చివర కాస్త లావు.

వీడియో కాల్‌లో శేషమ్మ ఆత్రంగా అడుగుతోంది, "చెప్పు వదినా, ఎవరి ముక్కు?"

రిపోర్టు రిపోర్టే. "మీదే" అన్నాను.